అరవై ఏడేళ్ళ మోకాళ్ళతో తేనె వేట

ఒమన్ వెళ్ళొచ్చినవాళ్ళు మస్కట్‌లోని పెద్ద మసీదు గురించి, బంగారం కొట్ల గురించి, సముద్రం గురించి రాస్తారు. అవన్నీ నేనూ చూశాను. ఆ ఫొటోలు మీ ఫోన్లలో ఇప్పటికే ఉండి ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నేను వెళ్ళింది రుస్తాక్ వెనక కొండల్లోకి, తేనె వేటకి. ఈ వయసులో నీకెందుకమ్మా అని అడిగేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. వాళ్ళకి నేను ప్రొద్దుటూరు తిరిగొచ్చిన రోజే జవాబు చెప్పేశాను.

సీబ్

మా చెల్లెలు సుజాత సీబ్‌లో ఉంటుంది. మస్కట్ విమానాశ్రయానికి దగ్గర్లో, ఒకేలాంటి తెల్ల భవనాలు వరసగా కట్టిన పేట. చెల్లెలి భర్త రమణ రుసైల్‌లో ఒక రంగుల కంపెనీలో స్టోర్స్ చూస్తాడు. గోదావరి మనిషి. ఏ పని చెప్పినా "అదెంతండీ" అంటాడు. ఆ తర్వాత ఆ పని ఎంతో మనం చూసుకోవాలి.

నవంబరు మొదట్లో నేను దిగిన వారంలోనే, ఒక శుక్రవారం, మాబున్నీ ఇంటికొచ్చింది. రాయచోటి పక్క మనిషి, నలభై దాటాయి. రమణ కంపెనీలో వీసా కాగితాలు చూసే నాసర్ అనే ఒమనీ అధికారి ఇంట్లో పని చేస్తుంది. నాసర్ తండ్రి ఖల్ఫాన్ కొండ మీద సొంత ఇంట్లోనే ఉంటాడు. నెలలో సగం రోజులు మాబున్నీ అక్కడికెళ్ళి ఆయనకి వండిపెడుతుంది. ఆ రోజు టీ తాగుతూ ఆయన సంగతి ఎత్తింది.

"ముసలాయనకు సూపు పోయిందక్కా. నడిమద్దె అంతా మసక, పక్కలు మాత్రం అగపడ్తాయంట. ఆపరేషన్‌కు లొంగదన్యారు. కాళ్ళు మాత్రం మేక కాళ్ళే! తేనెటీగల యెనక పోకుంటే ఆయనకు కూడు దిగదు. పోయినేడు జారి పడ్న్యాడు. అప్పుట్నుంచి కొడుకు పట్టు పట్టినాడు. ఈ రేగుపూత అయిపొయ్యేలోగా ఆయనకంటూ ఒక్క గూడన్నా దొరికితే సరి, లేకుంటే కొండిల్లు తాళమేసి సీబ్‌కు రావాల్సిందేనని. ముసలాయన సరేనన్యాడు. మాటంటే మాటే ఆయనకు."

"మనవళ్ళు లేరా తోడు పోవడానికి?"

"ఉండారు, నలుగురు. ఫోన్లో నుంచి తల పైకెత్తల్ల గదా! ఆయనకిప్పుడు కావల్సింది కండ్లక్కా. ఎవరివైనా సరే."

"అదెంతండీ, నేనెళ్తాను" అన్నాడు రమణ.

రమణకి యాభై ఎనిమిది. దగ్గరకి ఒకటి, దూరానికి ఒకటి, రెండూ కలిసిన అద్దాలు పెట్టుకుని పప్పులో చేపముల్లు ఏరుతుంటాడు. నాకు నిరుడు రెండు కళ్ళలోనూ కొత్త లెన్సులు వేశారు. వీధి చివర ఆగిన బస్సు బోర్డు ఇంటి గుమ్మంలోంచి చదువుతాను. కళ్ళు కావాలంటే ఎవరు వెళ్ళాలో వేరే చెప్పాలా? ఇద్దరం వస్తామని మాబున్నీతో కబురు పంపాను. మూడు వారాలు గడువు పెట్టుకున్నాం.

రమణ తయారైన విధానం చెబితే మీకు పొద్దుపోతుంది. ముప్పై ఎనిమిది రియాళ్ళు పెట్టి కొండ బూట్లు కొన్నాడు. మన డబ్బులో ఎనిమిది వేలు పైనే. ఇరవై నాలుగు రియాళ్ళకి ఒక డబ్బా పొడి కొని, పాలలో కలుపుకుని తాగాడు. వాసన చూస్తే మా ఇంట్లో సున్నం వేసినప్పుడు వచ్చినట్టే ఉంది. చేతికి ఒక గడియారం కట్టాడు, అది గుండె కొట్టుకోవడం లెక్క పెడుతుంది. రోజూ సాయంత్రం మాల్‌కి వెళ్ళి, చల్లటి గాలిలో, నున్నటి రాళ్ళ మీద, ఐస్‌క్రీం కొట్ల మధ్య నడిచేవాడు.

"తొమ్మిది కిలోమీటర్లు నడిచానండీ వదినా."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదండీ. లోపలే."

"అంతదూరం నడిచి ఎక్కడికీ చేరని మనిషివి నువ్వొక్కడివే రమణా."

బక్కెట్లో ఈత నేర్చుకుని సముద్రంలో దూకేవాణ్ణి ఏమంటారో, మాల్‌లో నడిచి కొండకి తయారయ్యేవాణ్ణీ అదే అనాలి.

నేను మాత్రం మెట్లెక్కాను. వాళ్ళ భవనం ఆరంతస్తులు. పది కిలోల సోనామసూరి సంచిని పాత చీరతో వీపుకి కట్టుకుని, పొద్దున అయిదుసార్లు, సాయంత్రం అయిదుసార్లు పై దాకా వెళ్ళేదాన్ని. మూడో రోజు కాపలా ఉండే బంగ్లాదేశీ అతను నన్ను ఆపి, "అమ్మా, లిఫ్ట్ ఖరాబ్ హై క్యా?" అని అడిగాడు. బాగానే ఉందన్నాను. నమ్మలేదు. ముసలమ్మ బియ్యం మోసుకుని మెట్లెక్కుతోందంటే లిఫ్టు చెడిపోయే ఉండాలని యజమానికి ఫోను చేశాడు. మర్నాడు మెకానిక్ వచ్చి, రెండు గంటలు లిఫ్టుని విప్పి బిగించి, ఏ లోపమూ లేదని నన్ను కోపంగా చూసి వెళ్ళాడు.

దిగేటప్పుడు మాత్రం లిఫ్టులో దిగేదాన్ని. "ఎక్కితే ఎక్కావు, దిగేటప్పుడన్నా కాళ్ళకి విశ్రాంతి ఇయ్యక్కా, మోకాళ్ళు అరుగుతాయి" అని సుజాత పోరింది. కష్టమంతా ఎక్కడంలోనే ఉందని నేనూ అనుకున్నాను. ముప్పై మూడేళ్ళు ఖజానా కార్యాలయంలో జమ పక్కనా ఖర్చు పక్కనా సరిచూసిన మనిషిని. ఇక్కడ ఒక పక్కనే చూశాను.

రుస్తాక్

మూడు వారాలయ్యాక మాబున్నీతో కలిసి బయల్దేరాం. రుస్తాక్‌లో పెద్ద కోట ఉంది. బయటనుంచి చూశాం, చాలు. ఊరంతా తేనె కొట్లు. ఒక కొట్లో పెద్దమనిషి రేగు తేనె అని ఒక చెంచా చేతికిచ్చాడు. సీసా నలభై రియాళ్ళట. మా ఊళ్ళో ఆ డబ్బుకి ఇంట్లో అందరికీ రెండేళ్ళు సరిపడా తేనె వస్తుంది. అందులో సగం బెల్లప్పాకం ఉంటుందనుకోండి.

"ఎక్కడిది?" అని మాబున్నీ చేత అడిగించాను.

ఆయన చెయ్యి ఊపి కొండలవైపు చూపించాడు. ఆ చేతి ఊపులో ఒమన్‌లో సగం వచ్చేసింది. సీసా అక్కడే పెట్టేశాను.

"కొననప్పుడు నాకి చూడ్డమెందుకక్కా" అని మాబున్నీ గొణిగింది.

"నాకి చూశాకే కదా కొనకూడదని తెలిసింది."

కొట్లో కాఫీ ఇచ్చారు. పిడి లేని చిన్న గిన్నెలో, యాలకులు వేసిన పల్చటి చేదునీళ్ళు, పక్కన ఖర్జూరం. మన ఇళ్ళల్లో చాలంటే చాలని నోటితో చెబుతాం. అక్కడ గిన్నె అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. ఊపకపోతే పోస్తూనే ఉంటారు. మాబున్నీ నాకు చెప్పింది. రమణకి చెప్పడం మరిచిపోయాననింది, నేను నమ్మలేదు. అతను తొమ్మిది గిన్నెలు తాగాడు. "వీళ్ళ మర్యాదకి అంతులేదండీ వదినా" అని పదో గిన్నెకి చెయ్యి చాపుతుంటే మాబున్నీ కొంగు నోట్లో కుక్కుకుంది. గడియారం మాత్రం గుండె పరుగెడుతోందని కీచుకీచుమంది.

కొండ ఊరు

అక్కడినుంచి ఖల్ఫాన్ పంపిన జీపులో ఊరికి చేరాం. పద్నాలుగు ఇళ్ళు, మెట్టుమెట్టుగా ఖర్జూరపు తోట, కొండ ఊటనుంచి తోటకి నీళ్ళు తెచ్చే సన్నటి రాతి కాలువ. ఖల్ఫాన్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. డెబ్బై మూడేళ్ళవాడు, ఎండిన తాటిమట్టలా ఉంటాడు. మనల్ని చూడాలంటే ముఖం పక్కకి తిప్పి, కోడిలా చూస్తాడు. యవ్వనంలో సరుకు పడవల మీద బొంబాయి వెళ్ళొచ్చేవాడట. ఆ హిందీ కొంచెం మిగిలింది.

యోగక్షేమాలయ్యాయి. అన్నం, మేకమాంసం ఒకే పళ్ళెంలో అందరి మధ్యా పెట్టారు. నేను మాంసం తిననని మాబున్నీ ముందే చెప్పినట్టుంది, నాకు వేరే గిన్నెలో పెరుగు, ఖర్జూరం వచ్చాయి. పెరుగన్నంలో ఖర్జూరం నంజుకు తినడం నేను కొత్తగా నేర్చుకున్నాను. మీరు నేర్చుకోనక్కర్లేదు.

తిన్నాక ఆయన మమ్మల్ని మిద్దె మీదికి తీసుకెళ్ళి ఎదుటి కొండవైపు వేలు చూపాడు.

"బక్రీ కిత్నా?" మేకలెన్ని అని.

రమణ అద్దాలు పైకీ కిందికీ ఆడించి, "ఎనిమిదండీ" అన్నాడు.

"పదకొండు" అన్నాను. "ఒకటి బండ వెనక పడుకుంది, చెవులే కనిపిస్తున్నాయి."

ఖల్ఫాన్ కింద వాకిట్లో ఉన్న ఎవరినో కేకేసి అడిగాడు. జవాబు విని రమణ భుజం తట్టి, "ఆప్ బూట్ అచ్ఛా హై" అన్నాడు, బూట్లు బాగున్నాయని. ఆ తర్వాత వేట గురించి చెప్పిందంతా నా వైపు తిరిగే చెప్పాడు.

ఊట దగ్గర

మన వైపు తేనె పట్టడమంటే చెట్టుకి పొగ పెట్టడం. ఇక్కడ చెట్లు తక్కువ, కొండ ఎక్కువ. ఈగలు కూడా మన పెద్ద తేనెటీగల్లాంటివి కావు, గోధుమగింజ కంటే చిన్నవి. గూడు అరచేయంత, ఏ బండ చీలికలోనో ముళ్ళకొమ్మకి వేలాడుతుంది. ఊరికే వెతికితే జీవితం సరిపోదు. అందుకని నీళ్ళ దగ్గర కూచోవాలి. ఈగ దాహానికి వస్తుంది, తాగుతుంది, లేచి ఒక చుట్టు తిరిగి నేరుగా ఇంటికి పోతుంది. సూర్యుడికి ఎదురుగా గొంతుక్కూచుంటే ఆ రెక్కలు నల్లటి కొండ మీద నిప్పురవ్వలా మెరుస్తాయి. అది ఎటు పోయిందో చూసుకుని, మాయమైన చోటిదాకా ఎక్కి, మళ్ళీ కూచోవాలి. ఎప్పుడూ పోతున్న దాన్ని చూడాలి. వస్తున్న దాన్ని చూస్తే మళ్ళీ ఊటకే చేరతావు.

వినడానికి సులువు. రమణకి గొంతుక్కూచోవడం రాదు. ముప్పై ఏళ్ళుగా కుర్చీ మనిషి. రెండు నిమిషాలకి వెనక్కి ఒరిగి నీళ్ళలో కూచున్నాడు. కొత్త బూట్లు తడిశాయి, తడిసిన బూట్లు మడమని కొరికాయి. మొదటి మిట్ట ఎక్కగానే ఒక కాలు ఎత్తి కొంగలా నిలబడ్డాడు.

"మీరు కానివ్వండి వదినా. నేను కిందికెళ్ళి నీళ్ళ దగ్గర చూస్తుంటాను."

"ఏం చూస్తావు?"

"ఏదైనా సరేనండీ."

అతన్ని మేకలకి ఒప్పజెప్పి ముగ్గురం కదిలాం. ఖల్ఫాన్ ముందు, నేను వెనక, ఆ వెనక మొహమంతా దుపట్టా చుట్టుకుని మాబున్నీ. ఈగంటే ఆమెకి చచ్చేంత భయం.

ఎక్కడం నాకు కష్టం కాలేదు. ఇది గొప్పకి చెప్పడం లేదు, బియ్యం సంచికి చెందాల్సిన పేరు దానికి చెందాలి కదా. ఖల్ఫాన్ రెండుసార్లు ఆగి వెనక్కి చెవి పెట్టి, నా ఊపిరి విని, మళ్ళీ నడిచాడు. కష్టమల్లా చూడ్డంలోనే. ఒక మెరుపు కోసం అరగంట కన్ను ఆర్పకుండా ఉండాలి. దొరుకుతుంది, ఎక్కుతాం, మళ్ళీ పోతుంది. రెండుసార్లు నేను చూసింది ఈగ కాదు, గడ్డి విత్తనం. దాని వెంట ఒక మిట్టంతా వృథాగా ఎక్కించాను. ఖల్ఫాన్ కోప్పడలేదు. ఆకాశంవైపు ముఖం తిప్పి పొద్దెంత ఉందో చెంపతో చూసుకున్నాడు. రేగుచెట్ల కింద పూలు అప్పటికే రాలి తుప్పు రంగుకి తిరిగాయి. ఇంకొక వారం మిగలదు ఆ పూత. ఈ మాట మా ముగ్గురికీ తెలుసు.

బండ కింద

మూడో మిట్ట మీద, ఎదురుగా నిలువు బండ ఉంది. దానికి నడుమెత్తులో ఒక చీలిక. ఒక మెరుపు అటు పోయింది. ఇంకొకటి. మూడోది కూడా అక్కడే మాయమైంది. చీలికలో ఎండిన ముళ్ళకొమ్మ, దాని మీద నల్లటి గుడ్డపీలికలాంటిది. పీలిక కదిలింది.

"అదిగో" అన్నాను తెలుగులోనే.

ఖల్ఫాన్‌కి ఏ భాషైనా ఒకటే ఆ క్షణాన. చెయ్యి పట్టి దిక్కు చూపించాను. ఆయన చీలికకి చేరి, ముఖం పక్కకి పెట్టి, చెవి దగ్గరగా ఆనించి విన్నాడు. నోరంతా తెరిచి నవ్వాడు. ఉన్నవి నాలుగు పళ్ళే.

తర్వాత కిందనుంచి మూడు రాళ్ళు ఏరి నా చేతిలో పెట్టాడు. మాబున్నీ దూరంనుంచే అరిచి చెప్పింది. "గూడు ముందు సూసినోళ్ళే దాని కింద రాళ్ళు పేర్చల్లంటక్కా. పేరిస్తే అది వాళ్ళదే. ఇంకెవురూ ముట్టుకోరంట."

ఆయన చేతికే రాళ్ళు తిరిగిచ్చాను. "నువ్వే పెట్టు. నువ్వు చూశావనే చెబుదాం."

ఆయన ముఖంలో నవ్వు ఆరిపోయింది. "జిస్కా ఆంఖ్, ఉస్కా ఛత్తా" అన్నాడు. చూసిన కన్ను ఎవరిదో గూడు వాళ్ళది. ఇల్లు పోతుందని తెలిసీ ఒక్క అబద్ధం ఆడని మనిషిని నేను నా ఉద్యోగంలో ఇద్దర్నే చూశాను, వాళ్ళిద్దరికీ ప్రమోషన్ రాలేదు. నేనే రాళ్ళు పేర్చాను.

గూటిలో తేనె ఉన్న పైభాగంలో బొటనవేలంత కోసి, పిల్లలున్న భాగం ముట్టకుండా, ముక్క నా నోటికి అందించాడు. రేగుపండు ఎండబెట్టినప్పుడు వచ్చే పులుపు వాసన, గొంతు దిగాక కొంచెం మంట. కొట్లోది దీని నీడక్కూడా చాలదు. అప్పుడు ఇంకొకటి అడిగాడు, మాబున్నీ చెప్పింది. "నువ్వు దూరం పొయ్యేదానివి గదా. గూడు కాయను ఒక మనిషిని పెట్టల్ల, ఊర్లో అందరి ముందర పేరు చెప్పల్లంట. లేకుంటే రాళ్ళున్యా చెల్లదంట. ఎవర్ని పెడ్తావ్ అంటాండాడు."

దిగాక చెబుతానన్నాను.

దిగడం

దిగడం మొదలుపెట్టిన పది అడుగుల్లో నా తొడలు వణకడం మొదలైంది. ఎక్కేటప్పుడు ఒక్కసారి కూడా నోరెత్తని మోకాళ్ళు ఇప్పుడు ప్రతి రాయి దగ్గరా ఆగిపోయాయి. కాలు కింద పెడితే నిలబడదు, జెల్లీలా జారిపోతుంది. మూడు వారాలు ఆ కాళ్ళకి ఎక్కడమే నేర్పాను. దిగడం అనే పని ఒకటుందని అవి ఎన్నడూ వినలేదు.

"ఏమైందక్కా?" అంది మాబున్నీ. లిఫ్టు సంగతి చెప్పక తప్పింది కాదు. ఆమె అది అరబ్బీలో ఖల్ఫాన్‌కి చేరవేసింది. ఆయన బండకి ఆనుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. నవ్వి, నా ముందు నడిచి, ప్రతి మెట్టు దగ్గరా వీపు ఒగ్గి నిలబడ్డాడు. ఆ వీపు పట్టుకుని కొంత, పసిపిల్లలా కూచుని జరుగుతూ కొంత దిగాను. సుజాత ఇచ్చిన చుడీదారు వెనకభాగం కొండకే వదిలేశాను. మాబున్నీ దుపట్టా నడుముకి చుట్టుకుని ఊళ్ళోకొచ్చాను. దుపట్టా లేని మాబున్నీ, ఈగ ఒకటి వెంటపడితే, మాకంటే ముందే చేరిపోయింది.

వాకిట్లో

ఖల్ఫాన్ వాకిట్లో నాసర్ పికప్ ఉంది. వెనక తొట్టిలో తండ్రి పరుపు, దుప్పట్లు, ఒక ట్రంకుపెట్టె కట్టి ఉన్నాయి. కొడుకు చెడ్డవాడేం కాదు. తండ్రి జారి పడినప్పుడు పోయినేడు ఒక రాత్రంతా వెతికినవాడు. అందుకే ఫలితం తెలియకముందే సర్దేశాడు. పక్కిళ్ళవాళ్ళు నలుగురు అరుగు మీద కూచుని ఉన్నారు. రమణ ఒంటికాలికి గుడ్డ చుట్టుకుని ఖర్జూరాలు తింటున్నాడు.

"దొరికిందా? ఎవరు చూశారు?" అని నాసర్ అడిగాడు.

"మీ నాన్నగారేనండీ! ఆయన కాక ఇంకెవరు!" అన్నాడు రమణ, ఊటపక్కన కూచుని అన్నీ చూసినట్టు.

"లా" అన్నాడు ఖల్ఫాన్. కాదు. నా వైపు చెయ్యి చూపాడు. వెళ్ళి పికప్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. మాటిచ్చాడు కదా.

"మాబున్నీ, నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు" అన్నాను. "గూడు నాది. కాపుకి మనిషిని పెడుతున్నాను. పేరు ఖల్ఫాన్."

నాసర్ చక్కటి హిందీలో, మర్యాదగా, నాన్నకి చూపు లేదని, కావాలంటే తోటపని కుర్రాణ్ణి పెడతానని అన్నాడు.

"చూపు గూడు వెతకడానికి కావాలి నాయనా. దొరికిన గూటికి కాళ్ళు చాలు. ఆ దారి ఆయన కాళ్ళకి తెలుసు, నన్ను ఆ వీపు మీదే దించాడు. నాకు తోటపని కుర్రాడు వద్దు. అతను వెళ్ళిన మూడో రోజుకి నా తేనె రుస్తాక్ కొట్లో నలభై రియాళ్ళకి ఉంటుంది."

మాబున్నీ చివరి మాట రెట్టించి చెప్పినట్టుంది, అరుగు మీదివాళ్ళు నవ్వారు. ఒక ముసలాయన లేచి నాసర్‌తో ఏదో అన్నాడు. అతిథి తన సొత్తు అప్పజెప్పినప్పుడు కాదనడం ఈ ఊళ్ళో లేదని, అంతేనట. నాసర్ తండ్రివైపు తిరిగాడు. ఒంటరిగా వెళ్ళకూడదు, ఫోను జేబులో ఉండాలి అన్నాడు. ఖల్ఫాన్ తల ఊపాడు. ఆ ఊపు ఎంతవరకు నిజమో నాకు తెలియదు.

తర్వాత ఆయన పికప్ తలుపు వదిలి, నా ఎదురుగా వచ్చి గొంతుక్కూచున్నాడు. మూడు వేళ్ళు చూపించి, రెండు తన ఛాతీకి ఆనించుకున్నాడు.

"బండ నిలువుగుందంట, కష్టమంట. మూడు పాళ్ళలో రెండు ఆయనవంట" అంది మాబున్నీ.

"సగం" అన్నాను. "చూసింది నేను."

"నీ కండ్లు ఒక పూట పనిజేసినాయి, నా కాళ్ళు ఏడాదంతా జెయ్యల్ల అంటాండాడు."

"నా కాళ్ళు ఏమయ్యాయో ఆయన చూడలేదా? సగం."

"సూపు లేదు, సూళ్ళేదు అంటాండాడక్కా."

అరుగంతా పక్కలు పట్టుకుంది. నేను సగం దగ్గరే ఉన్నాను, ఆయన రెండు వేళ్ళు దించలేదు. మా వెనకాల నాసర్ పికప్ ఎక్కి, తాడు విప్పి, పరుపు భుజాన వేసుకుని మళ్ళీ ఇంట్లోకి మోసుకెళ్ళాడు.